వగైరాలో పడ్డ గురక

నేను పరుపులు అమ్ముతాను. ఈ వ్యాపారంలో కొనేవాడు కొట్లో కాసేపు పడుకుని చూసి ‘బాగుంది’ అంటాడు. అసలు సంగతి ఇంటికెళ్లి రాత్రంతా పడుకున్నాక గాని తేలదు. ఆ కాసేపటికీ ఆ రాత్రికీ మధ్య ఉన్న ఖాళీలోనే నా లాభమంతా ఉంది. మంచి సరుకే ఇస్తాను, అది వేరే సంగతి.

నా సరుకు దేనికీ లొంగని మనిషి ఒక్కరే, మా ఆవిడ. కొట్లో గల్లాపెట్టె దగ్గర కూర్చునేది ఆవిడే. తాళాల గుత్తి కూడా ఆవిడ నడుముకే వేలాడుతుంది. వీధిలో చిన్నా పెద్దా అందరూ ‘తాళాలక్క’ అంటారు. ఆ తాళాలక్కకి నిద్ర పట్టదు. దూది పరుపు వేశాను, పీచు పరుపు వేశాను, స్ప్రింగులది వేశాను, రబ్బరుది వేశాను. ఆవిడ దొర్లి లేచిన పరుపుని కొత్తదని చెప్పి అమ్మడానికి నాకు నోరు రాదు. తగ్గింపు ధరకి వదిలించుకోవాలి. ఒక మనిషి నిద్రలేమి దుకాణానికి ఇంత చేటు చేస్తుందని ఏ లెక్కల మాస్టారూ నాకు చెప్పలేదు.

పైగా ఈ సంగతి బయటికి పొక్కకూడదు. పరుపులకొట్టు ఇల్లాలికే నిద్ర లేదంటే నా గిరాకీ ఏమవుతుందో అని నా భయం. ఆవిడ భయం వేరు. “జాలిగా చూస్తారండీ. నాకు ఆ చూపు పడదు,” అనేది. అందుకని నాకూ, కొట్టు వెనక గదిలో పరుపులు కుట్టే నా బావమరిదికీ తప్ప మూడో మనిషికి తెలియదు.

చివరికి ఆసుపత్రికి తీసుకెళ్లాను. నిద్ర డాక్టరు అని ఒకాయన ఉన్నాడు. ఆయన దగ్గర మాత్రం మా ఆవిడ మనసు విప్పి అన్నీ చెప్పింది. కొట్లో పరుపులన్నీ మార్చి చూశామని, పడుకునే ముందు మేడ దిగి కొట్టు తాళాలు ఒకసారి లాగి చూసి వస్తుందని, మళ్లీ లేచి ఇంకోసారి చూసి వస్తుందని, తెల్లారేసరికి ఒళ్లు బండలా ఉంటుందని, మధ్యాహ్నం గల్లాపెట్టె మీదే కునుకు తీస్తుందని చెప్పింది. ఆయన ఓపిగ్గా రాసుకుని, “ఒక రాత్రి ఇక్కడ పడుకోండమ్మా. నిద్రని కొలుద్దాం,” అన్నాడు.

నిద్రని కొలవడం ఎలాగో చూద్దామని నాకూ ఉబలాటం పుట్టింది. తలకి జిగురుతో వైర్లు అంటించారు, ఛాతీకి పట్టీ కట్టారు, వేలికి క్లిప్పు పెట్టారు, మంచం పైన ఒక మైకు వేలాడదీశారు. అవన్నీ తగిలించే ముందు ఒక కాగితం ఇచ్చి సంతకం పెట్టమన్నారు. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని చదివి, తల ఊపి, పెట్టింది. పేషెంటుతో వచ్చినవాళ్లు బయట హాల్లోనే ఉండాలని నర్సమ్మ అంది. ఆ వైర్లు చూసి మా ఆవిడ బెదిరిపోయింది.

“ఆయన లోపలుంటేనే పడుకుంటాను,” అంది.

బేరం నా వృత్తి కదా, రంగంలోకి దిగాను. “గోడ పక్కన ఆ బెంచీ మీద కూర్చుంటానమ్మా. చప్పుడు చెయ్యను. నేనున్నానన్న సంగతే మర్చిపోతారు,” అని నర్సమ్మని ఒప్పించాను. మెలకువగా ఉన్నంతసేపూ ఆ మాట నిలబెట్టుకున్నాను.

ఫలితాలు వచ్చాయి. డాక్టరు కాగితాలు తిప్పి తిప్పి చూసి, కనుబొమలు ముడేసుకున్నాడు.

“గురక బ్రహ్మాండంగా ఉందమ్మా. ఇంత గురక పెట్టేవాళ్లకి ఊపిరి అందదు. మీకేమో ఊపిరి చక్కగా ఆడుతోంది. నిద్రే లేదు. వింతగా ఉంది. పక్కకి తిరిగి పడుకోండి. బరువు కాస్త తగ్గండి. ఇంకోసారి పరుపు మార్చి చూడండి.”

పరుపు మార్చమన్నాడు, మమ్మల్ని! నేను దగ్గి ఊరుకున్నాను. మా ఆవిడకి మాత్రం ‘గురక బ్రహ్మాండం’ అన్న మాట గుచ్చుకుంది. ఇంటికొచ్చాక, “ఇన్నేళ్లూ నేను గురక పెడుతున్నానా? మీరు ఒక్కరోజైనా చెప్పలేదేం?” అంది. నిజానికి నేనెప్పుడూ వినలేదు. కాకపోతే పడుకుంటే నాకు లోకం తెలియదు కాబట్టి, వినలేదన్న మాటకి విలువ లేదు. భార్య గురక విననంత మంచి భర్తని అనిపించుకోవచ్చని, “వినిపించినా చెప్పేవాణ్ణి కాదులే,” అన్నాను. ఆ మాటకి ఆవిడ కరిగింది. లాభసాటి మాటే అనుకున్నాను అప్పటికి.

కొన్నాళ్లకి కొట్టుకి ఒకాయన వచ్చాడు. మెడకి టై, చంకలో దిండు. నా బావమరిది వెనక గదిలోంచి చూసి, “బావా, టైబాబు వచ్చాడు, దిండుతో సహా. పడుకోవడానికే వచ్చినట్టున్నాడు,” అన్నాడు.

టైబాబు దిండు బల్ల మీద పెట్టాడు. “ఇది మామూలు దిండు కాదండీ. గురక వింటుంది. వినగానే లోపల గాలి అటూ ఇటూ జరిగి తలని మెల్లగా పక్కకి తిప్పుతుంది. మనిషి లేవడు, గురక ఆగుతుంది. మీ కొట్లో పది పెట్టుకోండి. అమ్ముడుపోకపోతే వెనక్కి తీసుకుంటాం.”

వెనక్కి తీసుకునే సరుకంటే నాకు గౌరవం. “చూపించండి,” అన్నాను.

ఆయన ఫోను తీసి నొక్కాడు. కొట్టంతా గురక నిండిపోయింది. అటువంటి గురక నేను వినలేదు. మొదట రంపం కోత, తరవాత ఈల, ఆ తరవాత బండి ఎత్తు ఎక్కలేక ఆగిపోయినట్టు ఒక నిశ్శబ్దం, మళ్లీ రంపం. దిండు నిజంగానే మేలుకున్న పిల్లిలా ఒళ్లు విరిచి పక్కకి ఒరిగింది. నా బావమరిది సూది చేత్తో పట్టుకునే బయటికొచ్చాడు.

“ఇది ఎవరో నోటితో చేసిన చప్పుడు కాదండీ, నిజం పేషెంటుది,” అన్నాడు టైబాబు గర్వంగా. “ఆసుపత్రి నుంచి కొన్నాం. దీని వెనక కథ కూడా ఉంది, మా కరపత్రంలో వేశాం. చూడండి, మీకు భలే నప్పుతుంది. ఒకావిడకి యాభై దాటాయి. వాళ్లాయనది పరుపుల దుకాణమేనట! కొట్లో ఉన్న పరుపులన్నీ మార్చినా నిద్ర పట్టదట. పడుకునే ముందు కొట్టు తాళాలు రెండుసార్లు లాగి చూసి వస్తుందట పాపం. మధ్యాహ్నం గల్లాపెట్టె మీద...”

గల్లాపెట్టె దగ్గర తాళాల గుత్తి గలగలమంది. మా ఆవిడ లేచి నిలబడింది.

“ఎవరు బాబూ ఆవిడ?”

“పేరు ఉండదమ్మా. పేరు తీసేసే ఇస్తారు. ఎవరిదో మాకే తెలియదు.”

పేరు తీసేశారట! పరుపుకి లేబులు పీకేసి తెచ్చినా ఆ కుట్టు నా బావమరిదిదో కాదో గుడ్డిగా తడిమి చెప్పగలను. లేబులు పోతే కుట్టు పోతుందా? ఆ కరపత్రం మా వీధిలో ఎవరి చేతిలో పడినా రెండో వాక్యానికే ‘ఇది మన తాళాలక్కే’ అంటారు.

“ఎవరినడిగి కొన్నారు?” అంది మా ఆవిడ.

“ఆసుపత్రివాళ్లనండి.”

“ఆసుపత్రివాళ్లు ఎవరినడిగారు?”

“పేషెంటు సంతకం ఉండే ఉంటుందండి. లేకుండా ఇవ్వరు.”

ఆవిడ కరపత్రం తీసుకుని నాలుగు మడతలు పెట్టి బొడ్లో దోపుకుంది. “దిండు తీసుకెళ్లు బాబూ. తరవాత మాట్లాడదాం.” టైబాబుకి ఏం తప్పు మాట్లాడాడో అర్థం కాలేదు. నా బావమరిది, “మా అక్క తరవాత అందంటే ఇప్పుడే పారిపో అని,” అంటూ ఆయన్ని మెట్ల దాకా దిగబెట్టాడు.

ఇక్కడ నా బుర్ర ఎలా పనిచేసిందో దాచను. ఒక సరుకు మన ఇంట్లో తయారైంది, బయట అమ్ముడుపోతోంది, మనకి వాటా రాలేదు. అంతవరకే తట్టింది నాకు.

భోజనం దగ్గర కదిపాను. “చూడూ, పోయిందేముంది? వాళ్లు పట్టుకెళ్లింది నకలు. మూల సరుకు నీ దగ్గరే చెక్కుచెదరకుండా ఉంది. ఇవాళ రాత్రి మళ్లీ తయారవుతుంది. మనం వెళ్లి వాటా అడుగుదాం. ప్రతి దిండుకీ ఇంత అని.”

ఆవిడ నా కంచంలోకి గరిటె కాస్త గట్టిగానే దించింది. “అటుగా పోయేవాడెవడో వచ్చి, మిమ్మల్ని అడగకుండా కొత్త పరుపు మీద ఒక నిద్ర తీసి, లేచి దులుపుకుని పోతే ఊరుకుంటారా? పరుపు ఎక్కడికీ పోలేదు కదా?”

ఊరుకోను. ఒకసారి అలాగే ఒకణ్ణి వీధి చివరిదాకా తరిమాను.

“నాకు వాటా వద్దండీ,” అంది. “నేను డాక్టరు చెవిలో చెప్పుకున్న మాట టై కట్టుకున్నాయన నా కొట్లోకి వచ్చి నాకే కథగా చెప్పాడు. నా సంగతి నలుగురికీ చెప్పాలంటే నేను చెప్పాలి. నేనైతే నవ్వుతూ చెబుతానేమో. వాళ్లు పాపం అంటూ చెబితే నేనెందుకు పడాలి? నా రాత్రి నాకు తిరిగి కావాలి.”

“అక్కా, ‘పాపం’ అన్న మాట ఒక్కటీ తీయిస్తే...” అన్నాడు నా బావమరిది.

“నువ్వు తిను,” అంది ఆవిడ.

మర్నాడు ఆసుపత్రికి వెళ్లాం. రికార్డుల గదిలో ఒక మేడమ్ ఉంది, అంతా ఆవిడ చేతి మీదుగానే నడుస్తుందట. కరపత్రం చూడగానే మేడమ్ ముఖం కాస్త కందింది. మా ఆవిడ సంతకం పెట్టిన కాగితం తీసి మా ముందు పెట్టింది. “సమ్మతి ఇచ్చారమ్మా. ఇదిగో చూడండి. ‘చికిత్స, బోధన, పరిశోధన వగైరా అవసరాలకు నా వివరాలు వాడుకోవచ్చు.’”

మా ఆవిడ కళ్లజోడు సర్దుకుంది. “చికిత్సకి సరే. పిల్ల డాక్టర్లకి పాఠం చెప్పుకుంటామన్నా సరే. ఇందులో దిండు ఎక్కడుంది?”

“వగైరాలో...” అని మేడమ్ ఆ మాటని సగంలోనే మింగేసింది.

నేను పకపకా నవ్వాను. ఆపుకోలేకపోయాను. “మేడమ్, నేను వ్యాపారిని. నా లెక్కల్లోనూ ‘వగైరా ఖర్చులు’ అని ఒక పద్దు ఉంటుంది. ఎవరికీ చెప్పుకోలేనిదంతా అందులో తోసేస్తాను. ఆడిటరు నా పుస్తకం తెరవగానే మొదట వేలు పెట్టేది దాని మీదే. వగైరా అంటే ఏమిటో మీరూ నేనూ ఒకరికొకరం చెప్పుకోనక్కర్లేదు.”

అప్పటిదాకా వాటా కోసం వచ్చిన వాణ్ణి, ఆ ఒక్క మాటతో మా ఆవిడ పక్షాన చేరిపోయాను. ‘వగైరా సరుకు’ అని రసీదు రాసిస్తే నేనైతే ఒక్క మూట దించుకోను. అలాంటిది నా ఇంటి మనిషి రాత్రినే ఆ మాట కింద దాటించేశారు!

“నేను వగైరాని కాదమ్మా,” అంది మా ఆవిడ మెల్లగా.

మేడమ్ మంచి మనిషి. వాదించలేదు. “మీరు చెప్పింది నిజమే. ఆ మాట అక్కడ ఉండకూడదు. సమ్మతి మీరు వెనక్కి తీసుకోవచ్చు. తీసుకుంటే కంపెనీ కూడా తుడిపెయ్యాలి, అమ్మినప్పుడు ఆ షరతు పెట్టాం. అసలేం వెళ్లిందో మీరు వినొచ్చు కూడా. వింటారా?”

“వింటాను. నా గురక నేనెప్పుడూ వినలేదు,” అంది మా ఆవిడ. నిలువునా సిగ్గుపడుతూనే కుర్చీ ముందుకి జరుపుకుంది.

మేడమ్ కంప్యూటరులో వెతికి పెట్టింది. రంపం, ఈల, నిశ్శబ్దం. మళ్లీ రంపం. మా ఆవిడ తల దించుకుంది. నేను ధైర్యం చెబుదామని ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. అంతలో ఆ గురక మీద, స్పష్టంగా, ఒక ఆడమనిషి గొంతు. నిద్ర ఛాయలు లేని గొంతు.

“ఏమండీ... ఏమండీ! అటు తిరిగి పడుకోండి.”

గురక ఆగింది. బెంచీ కిర్రుమంది. తరవాత ఒక మగ గొంతు, ముద్దముద్దగా: “ఆ రేటుకి రాదమ్మా... దూది ధర చూశారా... సరే, తీసుకెళ్లండి.” ఆ వెంటనే రంపం.

గదిలో ముగ్గురం ఒకరినొకరం చూసుకున్నాం. మా ఆవిడ నా చేతిలోంచి తన చెయ్యి లాక్కుంది.

“ఇది మీరు!”

“నేనా?”

“మీరే! దూది ధర అంటోంది ఎవరు, డాక్టరా? మీ గురక రోజూ వినేదే కదా, డాక్టరుకి చెప్పాలని కూడా తట్టలేదు; మీతో పాటు నేనూ పెడుతున్నాననుకున్నాను!”

మేడమ్ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని డాక్టరుకి ఫోను చేసింది. ఆయన వచ్చి, విని, మళ్లీ విని, బల్ల మీద అరచేత్తో కొట్టాడు. “అందుకా ఊపిరి అంత చక్కగా ఉంది! ఇది పేషెంటు గురక కాదు, బెంచీ గురక! అమ్మా, మీకు జబ్బేమీ లేదు. మీ జబ్బు మీ పక్కన పడుకుంటోంది.”

మా ఆవిడ నవ్వడం మొదలుపెట్టింది. ఆ నవ్వు ఎంతకీ ఆగలేదు. తాళాల గుత్తి ఎగిరెగిరి పడింది. కళ్లనీళ్లు తుడుచుకుంటూ, “అయితే నేను గురక పెట్టను! రాసివ్వండి డాక్టరుగారూ, పెట్టనని రాసివ్వండి!” అంది. అవతల వరసలో నిలబడ్డవాళ్లు కూడా ఎందుకో తెలియకుండానే నవ్వేశారు.

నాకు మాత్రం ఒళ్లు మండింది. “నవ్వుతారేమిటండీ! నేను పేషెంటునే కాదు. ఏ కాగితం మీదా సంతకం పెట్టలేదు. నన్నెవరడిగారు? నా గురక ఊరూరా దిండ్లకి పాఠం చెబుతోంది! అది సరే, ‘సరే తీసుకెళ్లండి’ అన్నానే, నేను ఏ మాటకి దిగొస్తానో అదీ బయటికి పోయిందే! పగలంతా గొంతు చించుకున్నా ఎవరికీ చెప్పనిది అది!”

మా ఆవిడ నా వైపు తిరిగింది. ఆ ముఖంలో వెలుగు చూసి, ఏం రాబోతోందో ముందే తెలిసిపోయింది.

“పోయిందేముందండీ? వాళ్లు పట్టుకెళ్లింది నకలు. మూల సరుకు మీ దగ్గరే చెక్కుచెదరకుండా ఉంది. ఇవాళ రాత్రి మళ్లీ తయారవుతుంది.”

నా జీవితంలో అమ్మిన మాట ఇంత త్వరగా వాపసు రావడం అదే మొదలు.

మేడమ్ అప్పటికప్పుడు కొత్త కాగితం తయారుచేసింది. ఒక్కో అవసరానికీ ఒక్కో వరస, పక్కన అవునో కాదో గీసుకోవడానికి గడి. వగైరా లేదు. మా ఆవిడ ఒక్కో వరసా చదివి, తీరిగ్గా ఆలోచించి గీసింది. తన వైద్యానికి అవును. డాక్టరుగారు నిద్రపట్టని ఆడవాళ్ల మీద చేస్తున్న పరిశోధనకి అవును, దానికి తాళాల సంగతి కూడా వాడుకోవచ్చు. “నాలాంటి ఇంకొకావిడ పక్కన కూడా ఇలాంటి బెంచీ ఉందేమో చూడండి డాక్టరుగారూ,” అంది. అమ్మకానికి కాదు. ఎవరికైనా సరే, కాదు. ఆ ‘కాదు’ దగ్గర పెన్ను గట్టిగా నొక్కింది.

నాకూ ఒక కాగితం ఇచ్చారు. నేను కాదు అని గీయబోయి ఆగాను. మా ఆవిడ అడిగింది, “ఏం చేద్దామనుకుంటున్నారు?” నా గురక గురించి నన్ను అడిగిన మొదటి మనిషి ఆవిడే. అడిగితే ఎంత బాగుంటుందో అప్పుడు తెలిసింది. మనిషి ఒక మెట్టు పైకి ఎక్కినట్టు ఉంటుంది.

“టైబాబుని పిలిపించండి,” అన్నాను.

రెండు రోజుల తరవాత ఆయన బెదురుతూ వచ్చాడు. మా ఆవిడ కథ ఉన్న కరపత్రాలన్నీ కట్ట కట్టి తెచ్చి అప్పగించాడు. ఇంక మిగల్లేదని, కంప్యూటరులోంచి కూడా తుడిపేశామని రాసిన కాగితం కూడా ఇచ్చాడు. మా ఆవిడ ఆ కట్ట వెనక గదికి పంపింది. నా బావమరిది వాటిని చిన్న చిన్న ముక్కలు చేసి, పాత దిండొకదాంట్లో దూదితో కలిపి కుట్టేశాడు. “ఇప్పుడు నీ కథ మీద ఎవరైనా పడుకోవచ్చు గాని చదవలేరక్కా,” అన్నాడు.

“మరి నా దిండు ఇప్పుడు ఎవరి గురక విని కదలాలండీ?” అన్నాడు టైబాబు దిగులుగా.

“నాదే వినాలి,” అన్నాను. “అడిగావు కాబట్టి ఇస్తున్నా. మూడు షరతులు. దూది మాట కోసెయ్యాలి. మా ఆవిడ గొంతు కోసెయ్యాలి. ఎక్కడ వినిపించినా, ‘మనిషిని అడిగి తీసుకున్నది’ అని ముందు చెప్పాలి. నేను వద్దన్న రోజు ఆపెయ్యాలి.”

“నాలుగయ్యాయండీ.”

“నాలుగోది కొసరు. బదులుగా ఒక దిండు ఇచ్చి వెళ్లు.”

“ఒక్కటేనా?” అని ఆయన ఆశ్చర్యపోయాడు. ఇన్నేళ్లలో నేను మొదట అడిగినదాని దగ్గరే ఆగిన బేరం అదొక్కటే. నా బావమరిది గుండెల మీద చెయ్యి వేసుకుని, “బావా, ఒంట్లో బాగానే ఉందా?” అన్నాడు.

ఆ రాత్రి దిండు తన పని చేసిందట. నాకేం తెలుసు, నేను పడుకుంటే లోకం తెలియదని చెప్పాను కదా. నాకు తెలిసిందల్లా పొద్దుటి సంగతి. కళ్లు తెరిచేసరికి గదిలో ఎండ. పక్కన మా ఆవిడ చిన్నపిల్లలా గుప్పిట మూసుకుని నిద్రపోతోంది. ముఖం మీద ముడత ఒక్కటి లేదు. తాళాల గుత్తి తలగడ కింద సగం బయటికి కనబడుతోంది.

చప్పుడు చెయ్యకుండా కిందికి దిగాను. నర్సమ్మకిచ్చిన ఆ మాట ఈసారి నిలబెట్టుకున్నాను. కొట్టు మెట్ల మీద నా బావమరిది కూర్చుని ఉన్నాడు. వీధిలో కొట్లన్నీ తెరిచారు, మాది తప్ప.

“ఇంతసేపేంటి బావా? అక్కకి ఒంట్లో...”

“ష్! పడుకుంది.”

వాడి నోరు తెరుచుకుంది. కాసేపటికి మెల్లగా మూసుకుంది. “నిజంగా?”

“నిజంగా.”

ఒక కొత్త జంట వచ్చి, మూసిన షట్టరు చూసి, ఎదుటి వీధిలోకి వెళ్లిపోయారు. రెండు పరుపుల బోణీ, కళ్ల ముందే నడిచి వెళ్లిపోయింది. దాన్ని లాభాల వైపే వేసుకున్నాను.

“తాళాలు ఎక్కడున్నాయి?”

“తలగడ కింద.”

“మెల్లగా లాగేసుకుని రావచ్చుగా బావా!”

“ఆవిడ్ని అడక్కుండానా?” అన్నాను. వాడి పక్కనే మెట్టు మీద కూర్చుని, టీ చెప్పమన్నాను.